పదికి పది

ఫిబ్రవరి 20

ఈరోజు క్లాసులో వసపిట్టని మూడో బెంచీ నుంచి లేపి మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. దాని పక్కన కూర్చునే మా మేనకోడల్ని ఆఖరి బెంచీకి పంపాను. క్లాస్ టీచర్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. వసపిట్టకి రిజిస్టరులో అసలు పేరుంది గానీ అలా పిలిస్తే దానికే పలకాలని తోచదు. నోట్లో నువ్వుగింజ నానదు. నవల పాఠంలో పెద్దమ్మ మాటలొచ్చినప్పుడు గొంతు మార్చి చదివి నలభై మందినీ నవ్వించింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా పిల్లే. ఆ గొంతు నాదని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు.

నాకు ముక్కు మీద కోపం, ఒప్పుకుంటాను. కానీ బెంచీ మార్చింది అందుకు కాదు. హాఫ్ ఇయర్లీలో మా పిల్ల రెండు సబ్జెక్టులు పోగొట్టుకుంది. దాని మేనమామ ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు, యాన్యువల్ కూడా ఇలాగే ఏడిస్తే తమ ఊళ్లో హాస్టల్లో చేర్పిస్తాడట. మగపిల్లాడైతే వేరట, ఆడపిల్ల చదువట, నేనొక్కదాన్నే ఏం చూసుకుంటానట. అన్నయ్యా వదినా ఒకే రోజు పోయి రెండేళ్లు. ఆ రోజు అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే నాతో తీసుకెళ్తానన్నది నేనే. ఈ పెద్దమనిషి అప్పుడు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అది లేని ఇల్లు ఇప్పుడు నేను ఊహించుకోలేను. ఈ ముక్క దానికి ఎప్పుడూ చెప్పలేదు. లెక్కల పుస్తకం తియ్యి, జడ వేసుకో, పాలు తాగు. ఇవే చెబుతాను.

ఫిబ్రవరి 26

క్వశ్చన్ పేపర్ తయారు చేశాను. నవల మీద పది మార్కుల ప్రశ్న ఒకటి పెట్టాలి. వందేళ్ల కిందటి నవల, అమ్మ చనిపోయిన పిల్ల పెద్దమ్మ ఇంటికొస్తుంది. పెద్దమ్మ చదువు చెబుతుంది, దగ్గర కూర్చుని దస్తూరీ దిద్దిస్తుంది, నది వైపు వెళ్తుందేమోనని తెడ్డు దాచేస్తుంది. పడవవాడి కూతురు ఈత నేర్పుతుంది, ఈల వెయ్యడం నేర్పుతుంది.

'ఆ పిల్ల మీద బంధువుల ప్రభావమూ స్నేహితుల ప్రభావమూ పోల్చి రాయండి.' ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. నాకూ కొత్తది ఆలోచించే ఓపిక లేదు.

మార్చి 2

వసపిట్ట వాళ్లమ్మ స్కూలుకొచ్చి టీసీకి అప్లికేషన్ ఇచ్చి వెళ్లింది. వాళ్లాయనకి ట్రాన్స్‌ఫర్ అయిందట, పరీక్షలవగానే దూరం ఊరు వెళ్లిపోతున్నారట. అన్నయ్యా వాళ్లు పోయినప్పుడు మా పిల్ల నాలుగు నెలలు పుస్తకం ముట్టలేదు. గోడకేసి తిరిగి పడుకునేది. దాన్ని మళ్లీ నోరు విప్పించింది నేను కాదు, ఈ వసపిట్టే. ఇప్పుడిదీ వెళ్లిపోతుందని తెలిస్తే ఇక పరీక్షలు రాసినట్టే.

మధ్యాహ్నం వసపిట్టని స్టాఫ్ రూముకి పిలిచాను. ఆఖరి పరీక్ష అయ్యేదాకా ఈ సంగతి మా పిల్లకి చెప్పొద్దన్నాను. ఒట్టు వేయించుకున్నాను కూడా. పద్నాలుగేళ్ల పిల్ల చేత! అది కాసేపు కాలి బొటనవేలితో నేల గీకి, మిగతా కబుర్లు చెప్పొచ్చా టీచర్ అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

రెండ్రోజుల్లో కక్కేస్తుందిలే అనుకున్నాను.

మార్చి 5

కక్కలేదు.

మార్చి 9

మా పిల్ల అన్నం దగ్గర కూర్చుని కంచంలో గీతలు గీస్తోంది. ఏమైందే అంటే ఏం లేదంది. చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది, వసపిట్ట తనతో మాట్లాడటం లేదట. కుళాయి దగ్గర ఎదురుపడితే బాటిల్ సగం కూడా నిండకుండానే వెళ్లిపోతోందట. తనేం తప్పు చేసిందో తెలియదట.

మిగతా కబుర్లు చెప్పొచ్చని నేనన్నానుగా! మరి ఇదేం పని? తర్వాత అర్థమైంది. ఆ పిల్లకి తన నోటి సంగతి తెలుసు. ఒక్క మాట మొదలుపెడితే అన్నీ వచ్చేస్తాయని మొత్తానికే నోరు కట్టేసుకుంది.

చెప్పెయ్యాల్సింది. పరీక్షలప్పుడు ఇవన్నీ మనసులో పెట్టుకోకు, చదువుకో అన్నాను. చదువుకుంది. ఇదివరకు చదవనంత చదువుకుంది.

మార్చి 16

నా పరీక్షే మొదటిది. అందరూ బాగా రాశారట. మా పిల్ల రెండు అడిషనల్ షీట్లు తీసుకుంది.

మార్చి 18, సాయంత్రం 5

పేపర్లు దిద్దుతున్నాను. మా స్కూల్లో పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. ఎవరి చేతిరాత ఎవరిదో నాకు తెలియనట్టు నటన.

మా పిల్ల ఇలా రాసింది: 'పడవవాడి కూతురు ఆ పిల్లని నవ్వించింది, కానీ ఉండలేదు. చెప్పకుండా వదిలేసింది. పెద్దమ్మ నవ్వించలేదు, కానీ ఉంది. పిల్లల్ని పెంచేది ఉండేవాళ్లే. స్నేహితుల్ని నమ్ముకోకూడదని ఆ పిల్ల తెలుసుకుంది.'

నవలలో పడవవాడి కూతురు ఎక్కడికీ వెళ్లదు. ఆఖరి పేజీ దాకా రేవులోనే ఉంటుంది. ఇది తప్పు సమాధానం. తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఈ నవలే చెబుతున్నాను, నాకు తెలియకపోవడమేమిటి?

'పెద్దమ్మ ఉంది' అన్న మాట దగ్గరే కళ్లు ఆగిపోయాయి. రెండేళ్లలో అది నా గురించి మంచిమాట అనడం ఇదే మొదటిసారి. పదికి పది వేశాను. వేసి, సిగ్గు లేకుండా ఇంకోసారి చదువుకున్నాను.

తర్వాత వసపిట్ట పేపరు. అర పేజీ కూడా లేదు. 'పెద్దమ్మ భయపడి తెడ్డు దాచింది. ఆమెకి ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. తెడ్డు ఎక్కడుందో పడవవాడి కూతురికి తెలుసు. తెలిసినా చెప్పలేదు, పెద్దమ్మ ఏడుస్తుందని. కానీ చెప్పకుండా ఉండటం చాలా కష్టం టీచర్.'

పరీక్ష పేపర్లో టీచర్ అని ఎవరైనా రాస్తారా! దీనికి ఆరు వేశాను. పాయింట్లు చాలవు.

మార్చి 19

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. రేపు లెక్కలు. లెక్కలయ్యాక.

మార్చి 21

సైన్సయ్యాక.

మార్చి 24, మధ్యాహ్నం 2

ఇరవై ఆరున వెళ్తామన్నవాళ్లు ఇవాళే వెళ్లిపోయారు. లారీ ముందే దొరికిందట. పరీక్ష అవుతుండగానే వాళ్లమ్మ ఆఫీసులో కూర్చుని ఉంది. టీసీ నా చేత్తోనే ఇచ్చాను. వసపిట్ట హాల్లోంచి వచ్చి గేటు దగ్గర నిలబడి నాకేసి చూసింది. ఆఖరి పరీక్ష అయిపోయింది కదా టీచర్, ఇప్పుడు చెప్పొచ్చా అని ఆ చూపు. తల ఊపాను. ఊపానా? ఊపాననే అనుకుంటున్నాను.

అప్పుడే మా పిల్ల వరండాలోంచి వచ్చింది. వసపిట్ట దాన్ని పిలిచింది, రెండుసార్లు. మా పిల్ల తల దించుకుని, అట్ట గుండెలకి హత్తుకుని, పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆగవే అని ఒక్క కేక వేస్తే ఆగేది. క్లాసులో నా కేకకి పక్క క్లాసు కూడా ఆగుతుంది. వెయ్యలేదు. వాళ్ల ఆటో వెళ్లిపోయింది.

సాయంత్రం 6

అంతా చెప్పాను. టీసీ, ఒట్టు, పేపర్లో వసపిట్ట రాసింది అక్షరం ముక్క కూడా వదలకుండా. మా పిల్ల ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ఎప్పటినుంచి తెలుసని మాత్రం అడిగింది. ఇరవై రెండు రోజులన్నాను. అది వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత, గేటు దగ్గర రెండుసార్లు పిలిచిందని చెప్పింది, నాకు తెలియనట్టు.

మార్చి 27

రిజిస్టరు చూసి వసపిట్ట కొత్త స్కూలు అడ్రసు రాసి ఇచ్చాను. తీసుకుని థాంక్స్ అత్తా అంది. ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోరు. పరీక్షలయ్యాక కూడా లెక్కల పుస్తకం తియ్యమంటే తీస్తోంది, పాలు తాగమంటే తాగుతోంది. చెప్పక ముందే జడ వేసుకుంటోంది. ఎదురు చెబితే చచ్చేంత సంతోషించేదాన్ని.

ఏప్రిల్ 8

రిజల్ట్స్. క్లాసులో మూడో ర్యాంకు. మేనమామ ఫోన్ చేసి హాస్టల్ మాట ఇక ఎత్తనన్నాడు. పెంపకం అంటే నాదేనట, వాళ్లావిడ కూడా అందట. మా పిల్ల పక్కనే నిలబడి అంతా వింది. రిసీవర్ పెట్టేశాక, గెలిచావు కదా అత్తా అంది. వెటకారం లేదు గొంతులో. అదే భరించలేకపోయాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 10

పేపర్లు పిల్లలకి ఇచ్చేశాం. సాయంత్రం మా పిల్ల తన పేపరు తెచ్చి నా ముందు పెట్టి, ఎర్ర పెన్ను మూత తీసి చేతికిచ్చింది. ఆ పది తీసెయ్యమంది. నవలలో పడవవాడి కూతురు ఎక్కడికీ వెళ్లలేదట, తను రాసింది తప్పట, టీచర్లు చూసుకోవద్దా అంది.

కొట్టేశాను. సున్నా వేసి, కింద సంతకం పెట్టాను.