బుడ్డి పడుకున్న చోటు

2011 ఆగస్టు 3
బుడ్డీ, నిన్ను అలా పిలవొద్దని డాక్టర్ సార్ అన్నాడు, గుర్తుందా? వంకర తిరిగిన వెన్నులో రెండు రాడ్లు వేశాం, ఆరు నెలలకోసారి కొంచెం పొడుగు చేస్తాం, ఎదిగే పిల్లను అమల అనే పిలువమ్మా అన్నాడు. పెద్దయ్యాక ఫైనల్ ఆపరేషన్ చేస్తారట. ఎంత ఎదిగింది, ఊపిరి ఎంత పెరిగింది, అప్పుడుగానీ తేలదట. అప్పటిదాకా నువ్వు ఆగలేదు. జ్వరమొచ్చింది, ఊపిరి చాలలేదు, పోయావు. నెల దాటింది.

నీ చాప తీసేశారు. నీ చోటు అక్కడే ఉంది.

ఆగస్టు 9
మీ నాయన చాయ్ గ్లాసుతో నీ చోటు మీదుగా దాటాడు. ఎన్కకు దాటయ్యా అని అరిచాను. పండుకున్న పిల్లను దాటితే ఎదగదు కదా. ఎవలున్నరే ఆడ, పిచ్చి లేసిందా ఏంది, అన్నాడు. అని, గ్లాసు కింద పెట్టి వెనక్కి దాటాడు. చాయ్ తాగకుండానే కొత్తపేట మార్కెట్‌కు పోయాడు, పండ్ల పెట్టెలు మోయడానికి.

ఆగస్టు 27
హాస్పిటల్ ఫోన్. అమలకు రాడ్లు పొడుగు చేసే లెంగ్తెనింగ్ సెప్టెంబర్ ఇరవై ఒకటిన అమ్మా, పరగడుపున తీసుకురండి, అంది అమ్మాయి. వాళ్ళకు ఎవరూ చెప్పలేదేమో. నేనూ చెప్పలేదు. సరే అన్నాను.

సెప్టెంబర్ 14
సకల జనుల సమ్మె. మీ నాయన పొద్దంతా ఇంట్లోనే. మన్సూరాబాద్‌లో కిరాయికి ఇల్లు చూసిండట. గీ ఇంట్ల ఉంటే నువ్వు గూడ పోతవ్, దసరా కాంగనే సామాన్ కడదాం, అన్నాడు.

పిల్ల పండుకుని ఉంటే ఎట్లా పోతాం?

సెప్టెంబర్ 22
నిన్నటిదాకా నీ కాళ్ళ పక్కనుంచి బియ్యం డబ్బా దగ్గరికి పోయేదాన్ని. ఈరోజు నీ కాళ్ళు అడ్డం, దారి లేదు. డబ్బా జరిపాను.

సెప్టెంబర్ 30
బస్సులు బంద్. ఎల్‌బీ నగర్ రోడ్డు మీద హారన్ లేదు. ఇల్లంతా నీ ఊపిరే వినిపిస్తోంది. పిల్లికూతలు లేవు. నిండుగా తీస్తున్నావు.

అక్టోబర్ 3
కింద వాటాలో ఉండే ఇంటామె లలితకుమారి గారు బస్సుల్లేక గుడివాడలో చిక్కుకుపోయి నిన్ననే కారు మాట్లాడుకుని వచ్చారట. ఊరమిరపకాయలు తెచ్చారు. గడప దాటారు, ఆగారు. అయ్యయ్యో, పిల్లకి కాలు తగిలిందమ్మాయ్, అని వంగి గచ్చు తాకి కళ్ళకద్దుకున్నారు. తరువాత నా ముఖం చూశారు. గిన్నె అక్కడే పెట్టి మెట్లు దిగిపోయారు.

నీ తల ఆ గోడకు. కాళ్ళు గడపకు. అంత పొడుగయ్యావా బిడ్డా?

అక్టోబర్ 4
మీ నాయన ఇప్పుడు గోడకు ఒదిగి నడుస్తున్నాడు. అన్నం ముందు కూర్చుని, పిల్లకు జాగ సాలుతలేదే గీ ఇంట్ల, అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

అక్టోబర్ 7
దసరా అయింది. పొద్దున యాది మరిచి ఆ గోడనుంచి గడపదాకా నేరుగా నడిచాను. కాలికేమీ తగల్లేదు. గచ్చు మాత్రం పొడుగునా వెచ్చగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచినట్టు.

సామాను కడుతున్నాం.

ఎక్కడున్నా కడుపునిండా తిను.