అక్క మోకాలు, నా లెక్క

మార్చి 4, మంగళవారం

తగ్గింది! అక్క నడకను కొలిచి తయారుచేసిన మోడల్‌లో మోకాలి కీలు మీద పడే బలం సగానికి పడిపోయింది. ఆ బలం వీలైనంత తగ్గేలా నడిపించమన్నాను. కంప్యూటర్ నడిపించేసింది. పరుగున ఇంటికెళ్ళి అక్కకు చెప్పాను.

తను ఉత్తరాలు పంచుతుంది. పేటంతా ఎత్తుపల్లాలే. కీలు అరిగింది, నడక మానెయ్యమన్నాడు డాక్టర్. వచ్చే నెలాఖరులో ఆఫీసువాళ్ళ నడక పరీక్ష. నెగ్గకపోతే కుర్చీ ఉద్యోగం. కూర్చోబెడితే తుప్పు పట్టిపోతానే అంటుంది.

మార్చి 5

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. లెక్క మధ్యలో ఆగిపోకుండా మోడల్‌లో ప్రతి కీలుకూ ఒక ఉత్తుత్తి మోటారు పెడతాం, ఊతకర్రలాగా. గ్రాఫ్ తీసి చూస్తే పనంతా ఆ మోటార్లే చేశాయి. కండరాలు హాయిగా నిద్రపోయాయి. లేని మోటార్లు అక్క కాళ్ళకు ఎక్కణ్ణుంచి తేను?

మా ల్యాబ్ సీనియర్ని వెనకాల చాదస్తం అని పిలుస్తాం. ముందు చూడాల్సిందే అది కదమ్మా, అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, నేను నిన్ననే పేరు పెట్టేశాను.

మార్చి 7

మోటార్లు వాడితే గట్టి జరిమానా అని పెట్టాను. ఈసారి మోడల్ అడుగే వెయ్యలేదు. మోకాలి మీద బలం పడకూడదంటే కదలకపోవడమే మేలని తేల్చుకుంది.

అక్కకు చెబితే, నీ కంప్యూటరూ మా డాక్టరూ ఒకే కాలేజీలో చదివారేమోనే, అంది.

మార్చి 10

అక్క మామూలు వేగం కంటే తగ్గకూడదని షరతు పెట్టాను. లెక్క తెగడం లేదు.

మార్చి 12

తెగలేదు.

మార్చి 14, మధ్యాహ్నం

దొరికింది! కీలు మీది బలం వేలల్లో ఉంటుంది. కండరాల శ్రమ సున్నాకీ ఒకటికీ మధ్య. రెండింటినీ ఒకే తక్కెడలో వేశాను. ఏనుగు పక్కన చీమ. ఇంక చీమ మాట ఎవరు వింటారు?

బలాన్ని అక్క బరువుతో భాగించాను. తన మామూలు నడకతో మొదలుపెట్టి, మోకాలికిచ్చే ప్రాధాన్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను. భోజనం చేసి వచ్చేసరికి తేలిపోయింది. మోటార్లు చూశాను. దాదాపు సున్నా. మళ్ళీ చూశాను. చాదస్తం కుర్చీ లాక్కుని ఒక్కో గ్రాఫూ తిరగేయించాడు. చివరికి కళ్ళజోడు తీసి, ఇది నమ్మొచ్చు, అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు మా ల్యాబ్‌లో లేరు!

కిటుకు పిక్కలో ఉంది. అక్కడ పైకండరం మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుని ఉంటుంది. బిగిసినప్పుడల్లా కీలును నొక్కుతుంది. లోపలి కండరం మోకాలిని దాటదు. మోడల్ పైదాన్ని వీలైనంత ఊరుకోబెట్టి, లోపలిదానితో పని కానిచ్చుకుంటోంది.

మార్చి 18

అక్క ట్రెడ్‌మిల్ మీద. పిక్కకు తీగలు. ఎదురుగా తెర మీద ఒక పట్టీ: పైకండరం బిగిస్తే లేస్తుంది, వదిలితే దిగుతుంది. దించాలి. దిగలేదు. వదులు చెయ్యమ్మా, వదులు చెయ్యి, అంటూనే ఉంది వ్యాయామాలు నేర్పే మా ల్యాబ్ ఫిజియో. చెబితే వినడానికి పిక్కకేమైనా చెవులున్నాయా, అని అక్క కస్సుమంది. తీగలు పీకేసి వెళ్ళిపోయింది.

మార్చి 20

వచ్చింది. నన్ను చూసి, ఏం చూస్తున్నావ్, తీగలు పెట్టు, అంది.

ఏప్రిల్ 9

పట్టీ దిగింది! దిగి అక్కడే ఉంది. దొరికిందే, దొరికిందే, కాలికి తెలిసిపోయిందే, అని బెల్టు మీద నడుస్తూనే అరిచింది అక్క. చాదస్తం పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆ నడకను మోడల్‌లో వేసి చూశాం. కంప్యూటర్ ఆశపెట్టినంత కాదు గానీ, మోకాలి మీద బలం తగ్గింది. వెళ్ళేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగింది. ఫిజియో నా భుజం గిల్లింది. చూస్తూ నిలబడ్డాం.

ఏప్రిల్ 29

నడక పరీక్ష గది బయట బల్ల మీద కూర్చుని గోళ్ళన్నీ కొరికేశాను. తలుపు తెరుచుకుంది. కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నానే, అంది అక్క.

మే 5, ఉదయం

బస్సులోంచి అక్కను చూశాను. భుజాన సంచి. ఎత్తు ఎక్కుతోంది. చెయ్యి ఊపాను. చూడలేదు. ఇంటి నంబర్లు వెతుక్కుంటోంది.