పేరు చెక్కిన పళ్ళెం

నగర్తపేట, బెంగళూరు
2025 జూలై 7, సోమవారం

ప్రియమైన శామూకి,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం మా కిటికీకి అడ్డంగా వేలాడుతోంది. లేచి చూస్తే వీధి లేదు, ఇంత పెద్ద బుగ్గ ఉంది. ఎవరో నాయకుడి ఫ్లెక్సీ రాత్రికి రాత్రే కట్టేశారు. ‘మీ ఇంటి సోదరుడికి జన్మదిన శుభాకాంక్షలు’ అని కన్నడంలో రాశారు. ఆ సోదరుణ్ణి మా ఇంట్లో ఎవరూ ఏనాడూ చూడలేదు. ఇప్పుడు మా ఇంట్లోకి గాలి కూడా రానివ్వడం లేదు.

కాలేజీలోనూ ఇదే రోత. పేరు తెలియనివాడు ‘బ్రో’ అంటూ భుజం మీద చెయ్యేసి నా నోట్సు పట్టుకుపోతాడు. తిరిగి ఇమ్మంటే ‘మచ్చా, నా మీద నమ్మకం లేదా’ అంటాడు. జిడ్డు చేతులతో పదిమంది పట్టుకున్న గ్లాసులా అయిపోయాయి ఈ మాటలు. తాకాలనిపించదు.

మా తెలుగు మేడం స్నేహానికి ఉన్న మాటలన్నీ పోగుచెయ్యమంది. నాకు పిచ్చి పట్టిందనుకో. నేస్తం, జతగాడు, చెలికాడు, సావాసగాడు. వీటన్నిటిలోకీ ‘సంగడీడు’ నాకు నచ్చింది. సంగడి అంటే పక్కన, దగ్గర. ఎప్పుడూ పక్కన ఉండేవాడు సంగడీడు. ఎంత శుభ్రంగా ఉందో చూడు!

అయినా మన ఇద్దరికీ ఏ మాటా అక్కర్లేదని క్లాసులో చెప్పాను. నీ పళ్ళెం సంగతి చెప్పాను. మనం ఐదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ పాత్రల అంగడికి వెళ్ళి నీ పేరు చెక్కించింది కదా. సొంత కొడుకునైన నా పేరుతో కూడా మా ఇంట్లో పళ్ళెం లేదు. మేడం కళ్ళు తడయ్యాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీకు మా పేటలోనే ప్రింటింగు ప్రెస్సులో పని దొరికింది. రోజూ హొసకోటె నుంచి ఆ ట్రాఫిక్కులో వచ్చిపోతే నువ్వు బతకవు. మా మేడమీద గది ఖాళీగా ఉంది. నాన్న సరే అన్నాడు. వచ్చెయ్. మీరు ఈ సందు ఖాళీ చేసి వెళ్ళినప్పటినుంచి నేను ఎదురుచూస్తున్నది దీనికోసమే. ఫోనులో నువ్వు ‘ఊ’ అని ఊరుకుంటావు. అందుకే ఉత్తరం. జవాబు రాసి తీరాలి.

నీ సంగడీడు,
శ్రీకాంత్


హొసకోటె
జూలై 11

శ్రీ,

ఉత్తరం అందింది. పనిలో వచ్చే నెల ఒకటిన చేరమన్నారు. గది వద్దు. బస్సుకు అలవాటు పడతాను. మీ నాన్నకు నా తరఫున థాంక్స్ చెప్పు. అమ్మను అడిగానని చెప్పు.

నువ్వు రాసిన కొత్త మాట బాగుంది. పళ్ళెం సంగతి మాత్రం ఇంకెక్కడా చెప్పొద్దు.

శామ్యూల్


నగర్తపేట
జూలై 15

శామూకి,

నాలుగు ముక్కలు. మా ఇంటికి రమ్మంటే బస్సు బాగుంటుందట! ఎవరైనా నమ్ముతారా? ‘థాంక్స్’ ఏమిట్రా, మా నాన్నకు? ఆయన సైకిలు మీద ముందు నువ్వు, వెనక నేను కూర్చుని బడికి వెళ్ళలేదా?

సంపాదన రాబోతోంది కాబట్టి మేం చిన్నగా కనిపిస్తున్నామేమో. పళ్ళెం గురించి చెప్పుకోవడానికి నీకు సిగ్గు, నాకు గర్వం. చెప్పాలంటే నీ ఉత్తరం చదివాక ఆ ఫ్లెక్సీలో బుగ్గే నయమనిపించింది. వాడు అబద్ధమైనా నవ్వుతూ చెబుతున్నాడు.

కారణం ఉంటే రాయి. లేదంటే రాయకు.

శ్రీకాంత్


నగర్తపేట
జూలై 20, ఆదివారం

శామూ,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు. నువ్వు రాయని కారణం నాకు మధ్యాహ్నం అన్నం ముందు తెలిసింది.

నీ మీద కోపం తగ్గక, నీ పళ్ళెంలోనే తిందామనిపించింది. బయట బాత్రూము పక్క కొళాయి మీద ఉన్న గూట్లోంచి తీసుకొచ్చి చిత్రాన్నం వడ్డించుకున్నాను. ఒక ముద్ద నోట్లో ఉంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

“ఆ తట్టలో యాల పెట్టుకుంటివప్పా? అది శామూది” అంది.

శామూ వేరూ నేను వేరూనా అని నవ్వాను. అమ్మ నవ్వలేదు. పళ్ళెం నా ముందునుంచి లాగేసి, అన్నం చెత్తబుట్టలో వేసి, నా చేతిమీద చెంబుడు నీళ్ళు పోసింది. ఎందుకని అడిగాను. కేకలు వెయ్యలేదు, తడబడలేదు. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది.

“పేరు దేనికి చెక్కిస్తిననుకున్నావు? మన తట్టల్లో కలిసిపోకుండా ఉండేకి. వాడు మంచి పిల్లోడే. మంచితనం వేరే, తట్ట వేరే.”

తర్వాత నాకు ఇంకో పళ్ళెంలో వడ్డించి, అప్పడం కావాలా అని అడిగింది.

శామూ, నేను కొళాయి దగ్గరికి వెళ్ళి కక్కేశాను. అక్కడ నీ పళ్ళెం తోమడానికి విడిగా ఒక పీచు వేలాడుతోంది. చిన్నప్పటినుంచి చూస్తూనే ఉన్నాను, అదేమిటని ఒక్కసారి కూడా అడగలేదు. నీకు డెంగీ వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు నిజం. ఈ పీచూ నిజం. రెండూ ఒకే మనిషివి. అమ్మ చెయ్యి కలిపిన అన్నం చూస్తే నాకు దేవుతోంది. ఆ పేరును ప్రేమ అని చదువుకుని, తరగతి గదిలో నిలబడి చప్పట్లు కొట్టించుకున్న నన్ను చూసుకుంటే ఇంకా దేవుతోంది.

ఇకనుంచి ఆ పళ్ళెంలోనే తింటాను. ఒట్టు. అమ్మ ఏం చేసుకుంటుందో చేసుకోనీ. నువ్వు నాకు తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి. మౌనంగా మాత్రం ఉండొద్దు.

శ్రీకాంత్


జూలై 26, శనివారం

శ్రీ,

నాకు మొదటిరోజే తెలుసు. ఇంటికెళ్ళి, నా పేరుతో పళ్ళెం చేయించారని అమ్మకు చెప్పాను. దాన్ని ఎక్కడ కడుగుతారురా అని అడిగింది. బయట కొళాయి దగ్గర అన్నాను. అమ్మ ఇలా అంది: “తినాలనుంటే తిను. కడగొద్దు. వాళ్ళనే కడగనీ.” తినగానే పళ్ళెం అక్కడే వదిలి పరిగెత్తేవాణ్ణి, సోమరిపోతు అని మీ అమ్మ నవ్వేది. నేను సోమరిపోతును కాను. అమ్మ మాట దాటలేదు, అంతే.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నువ్వు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తూ అంత సంబరపడ్డావు. నాకు ఆకలి కూడా ఉండేది.

మీ అమ్మ మీద రోతపడే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. క్లాసులో చెప్పానని నువ్వు రాసినప్పుడు మాత్రం నీ మీద రోత పుట్టింది. నేను తలవంచుకుని తిన్న అన్నానికి నువ్వు చప్పట్లు కొట్టించుకున్నావు.

ఇప్పుడు ఆ పళ్ళెంలో తింటానంటున్నావు. నాలుగురోజులు తింటావు. మీ అమ్మ ఏడుస్తుంది. మానేస్తావు. మానకపోయినా నాకు ఒరిగేదేమీ లేదు. మీ అమ్మతో మాట్లాడాలంటే నా పేరు అడ్డం పెట్టుకోకుండా, నీకు ఏం కావాలో నువ్వే మాట్లాడు. నీ రోత నీ దగ్గరే పెట్టుకో. దాన్ని కవర్లో పెట్టి పంపి, ఓదార్చమని నన్ను అడగొద్దు.

ఇంకొకటి. కొన్నాళ్ళు నన్ను ఏ మాటతోనూ పిలవొద్దు. తోడబుట్టినవాడూ వద్దు, సంగడీడూ వద్దు. నీకు మాట దొరికితే పని అయిపోయిందనుకుంటావు.

బస్సు అని రాసింది అబద్ధం. ప్రెస్సు వెనక సందులో, మూడో అంతస్తులో గది చూసుకున్నాం. తాళంచెవి తీసుకోవడానికి ఈ పూట పేటకు వచ్చాను. ఈ కవరు మీ నాన్న అంగడిలో ఇచ్చిపోతున్నాను. మీ ఇంటికి మాత్రం రాను.

రేపు పొద్దున ఏడింటికి అమ్మా నేనూ టెంపోలో సామాను తెస్తున్నాం. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, రెండు మలుపులు. ఇనుప మంచం ఒక్కడి వల్ల కాదు, అమ్మను పట్టనివ్వను. వస్తే, పైన నేను పట్టుకుంటాను, కిందివైపు నువ్వు పట్టుకో. బరువంతా కిందివైపే ఉంటుంది.

శామ్యూల్