రెండో ధ్రువం మీద వెలుగు

విజయనగరం,
ఆగస్టు 2016.

అమ్మకు,

ప్రభువు నామంలో నీ కూతురు దీవెన వందనాలు. నా ఒంట్లో బాగానే ఉంది. పాతపట్నంలో నువ్వూ, అన్నయ్యా, వదినా కులాసాగా ఉన్నారని వదిన ఉత్తరం వల్ల తెలిసింది. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాసింది గానీ, తగ్గిందని ఆమెకు చెప్పింది నువ్వే కాబట్టి నేను నమ్మలేదు. మిల్లులో బస్తాలు ఎత్తొద్దు. చెరగడం వరకే చెయ్యి.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్లో నీ గొంతు వింటే అసలు సంగతి దాటేస్తాను. వదినా, ఇది అమ్మ ఒక్కదానికే చదివి వినిపించు.

నువ్వు అడిగించిన మాటని వదిన ఉన్నదున్నట్టే రాసింది: "ఒసే, సుక్కని సుక్క తింటాదంటన్నావు. అవి సుక్కలేటి, దెయ్యాలేటి?" చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చెబుతాను విను.

శ్వేత కుబ్జ తార అంటే మండడం అయిపోయి మిగిలిన చుక్క. సైజు మన భూమంత, బరువు ఇంచుమించు సూర్యుడంత. దానికి జతగా, ఇంకా బతికున్న చుక్క ఒకటి తిరుగుతూ ఉంటుంది. మరీ దగ్గరగా ఉండటం వల్ల బతికున్నదాని పైపొర జారి దీనివైపు వస్తుంది, గట్టు తెగిన మడిలోంచి కిందిమడికి నీరు పోయినట్టు. మామూలుగా అయితే ఆ పదార్థం సుడి తిరుగుతూ మెల్లగా దిగుతుంది. నేను చూసే చుక్క మాత్రం పెద్ద అయస్కాంతం. మీ మిల్లులో ధాన్యం పోసే తొట్టి దగ్గర మేకులు పట్టేది ఉంది కదా, దానికి వేల రెట్లు బలం. మీది మేకుల్ని పట్టి గింజని వదిలేస్తుంది. అక్కడ వచ్చేదంతా కరెంటు నిండిన వేడి వాయువు కాబట్టి ఏదీ తప్పించుకోలేదు. సుడి తిరగనివ్వకుండా, కాలవలోకి మళ్ళించినట్టు తన ధ్రువం మీదికి దించుకుంటుంది. పడినచోట భగ్గుమంటుంది. మనకి కనిపించే వెలుగులో ఎక్కువ పాలు అదే. చచ్చిన చుక్క సొంత వెలుగు కొంచెమే. దూరాన్నుంచి చూసేవాళ్ళకి ఆ తేడా తెలియదు.

నేను చూసే ఆ చుక్కలో పదార్థం ఎప్పుడూ ఒకే ధ్రువం మీద పడుతుందని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళు రెండో ధ్రువం మీదికి మారుతోందని నేను చూశాను. నా పీహెచ్‌డీ గైడు నరసింగరావు సారుకి చూపిస్తే, "లెక్క తప్పేసి దాన్ని కొత్త సంగతంటావేటమ్మా" అన్నారు. మళ్ళీ మళ్ళీ చేశాను. అదే వచ్చింది. అప్పుడు మెల్లగా, "ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఎయ్యి" అన్నారు.

దాని మీద వ్యాసాన్ని పత్రికవాళ్ళు అచ్చుకి తీసుకున్నారని తెలిసిన రోజే నీకు ఫోన్ చేశాను. నువ్వు చర్చిలో స్త్రీల కూడికలో చెప్పేశావు, "మా పాప సుక్కని కనిపెట్టినాది, దానికి దీవెనని పేరెడతారు" అని. అలా పెట్టరమ్మా అంటే, "నీకు తెలీదులే" అన్నావు. ఇప్పుడు వచ్చే నెల మొదటి ఆదివారం కృతజ్ఞతా కూడికట. పాల్ పాస్టరు గారు సారుని పిలిచారట, ఆయన వెంటనే ఒప్పుకున్నారట. ఆయనకి ఏ కూర ఇష్టమో కనుక్కోమన్నావు. కోడికూర తింటారు. కారం తగ్గించు.

ఇక రాయక తప్పదు. అచ్చయి వచ్చాక చూస్తే ఆ వ్యాసంలో నా పేరు లేదమ్మా. ఆయన పేరు, ఆయన అల్లుడి పేరు ఉన్నాయి. అడిగాను.

"సివర్న కృతజ్ఞతల్లో నీ పేరెట్టాను కదమ్మా, సూసుకో. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరి పేరైనా అచ్చులో పడిందేటి?"

"ఆ పని నాది సార్."

"పని మిల్లులో మీ అమ్మ కూడా సేస్తాది. బియ్యం బస్తా మీద ఆమె పేరుంటాదేటి?"

గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతోంది.

నా థీసిస్ మీద ఆయన సంతకం పడాలి. పడకపోతే ఇన్నేళ్ళ చదువు అక్కడితో సరి. ఊరుకోమని తోటివాళ్ళు చెప్పారు. ఊరుకున్నాను, వదిన ఉత్తరం వచ్చేదాకా. నిన్ను అంత మాటన్న మనిషి, నీ చేత శాలువా కప్పించుకోవడానికి వస్తున్నారు.

మన సంఘంలో సాక్ష్యానికి లేచినవాళ్ళని పాస్టరు గారైనా మధ్యలో కూర్చోబెట్టరు. చినబాబు మావ తాగొచ్చి ఏడుస్తూ చెప్పినా చివరిదాకా విన్నారు. ఆ ఆదివారం నేను లేస్తాను. పాట పాడను, వాక్యం చదవను. నేను చూసిందేమిటో, అది ఎవరి పేరు మీదికి పోయిందో సారు ఎదుటే చెబుతాను. తర్వాత సంతకం రాదు. ఇంటికొచ్చేస్తాను. తిడతావో, నాకు మిల్లులో పని అడుగుతావో నీ ఇష్టం.

పాస్టరు గారికి ముందుగా చెప్పకు, సారుని రావద్దంటారు. వంటా ఆపొద్దు. ఒక్కటే అడుగుతున్నాను. నేను మాట్లాడుతుంటే అందరూ నీ ముఖం వైపే చూస్తారు. అప్పుడు తల దించకు.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
దీవెన