ఇరుక్కున్న తూటా

ఐడహో, మిల్లు క్వార్టర్సు
సెప్టెంబరు ఆఖరు

ప్రియమైన ఆర్విడ్ పెదనాన్నకి,

నీ చెంప ఎలా ఉందో ముందు రాయి. మిగతాది తర్వాత పోట్లాడుకుందాం. కంటి కింద ఆ నల్లచుక్కలు మానాయా? కళ్లజోడు ఉంది కాబట్టి బతికిపోయావు. అది లేకుండా రైఫిలు ముట్టుకోవద్దని నీ వెంటపడి సతాయించింది నేనే.

చెప్పకుండా వచ్చేశానని నీకు కోపంగా ఉండొచ్చు. ఉండనీ, నాకూ ఉంది. ఇక్కడి మిల్లులో రంపాలు పదునుపెట్టే గదిలో పని దొరికింది. మనుషులు మంచివాళ్లే, కాఫీ మాత్రం బురద.

ఆ ఆదివారం సంగతి నువ్వు ఎత్తవని తెలుసు, అందుకే నేనే ఎత్తుతున్నా. వేట మొదలయ్యే ముందు రైఫిలు గురి సరిచూసుకుందామని కాల్పుల రేంజికి వెళ్లాం. నువ్వు పేల్చావు. చప్పుడు తేడాగా వచ్చింది, పొగ వెనక్కి తన్నింది, నువ్వు ముఖం పట్టుకుని కూర్చున్నావు. తూటా లోపల బిగుసుకుపోయింది, రైఫిలు వెనక తెరిచి మూసే బోల్టు కదలలేదు. అప్పుడు రేంజి నడిపే ఓపల్ బల్ల మీద అరచేత్తో కొట్టి "ఈ తూటా ఎవరు నింపారు?" అంది. మన రేంజిలో ఆ మాట అడిగితే నింపినవాళ్లు లేచి నిలబడాలి, సాకులు చెప్పకూడదు. పెట్టె మీద నా చేతిరాత ఉంది. లేచి "నేను" అన్నాను.

నీ వేట స్నేహితుడు ఎల్‌వుడ్ నవ్వాడు. "తుపాకి మందు పోసేటప్పుడు ఎవడి మీదో మనసు పోయుంటుందిలే" అన్నాడు. డ్వైట్ అన్నయ్య తన కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. నీ కొడుకు కదా, వేరేలా ఎందుకుంటాడు? నువ్వు నేలకేసి చూశావు. "టారిన్ చేతిలో అలా జరగదు" అని ఒక్క మాట అని ఉంటే చాలు. అనలేదు.

కొట్లో కొన్న తూటా అయితే కంపెనీని తిట్టి ఇంటికి పోతాం. మనది వైల్డ్‌క్యాట్. ఏ కంపెనీ చెయ్యదు, ఏ కొట్లో అమ్మరు. వేరే తూటా ఇత్తడి గొట్టం తెచ్చి, అచ్చులో నొక్కి మెడ సన్నం చేసి, నొక్కినప్పుడు దళసరెక్కిన ఆ మెడని చుట్టూ తరిగి, మందు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ నువ్వూ నేనూ రెండు చలికాలాలు కూర్చుని తయారుచేసుకున్నాం. నువ్వు నన్ను పెద్ద చదువు చదివించలేకపోయావు గానీ ఇది నేర్పావు. మిగతాది చిరిగిన పుస్తకాలూ విరిగిన పనిముట్లూ నేర్పాయి. పని తెలిసిన మనిషినని నన్ను నేను అనుకోవడానికి నాకున్నది ఆ తూటా ఒక్కటే.

ఇప్పుడు రంపం పన్ను మీద ఆకురాయి పెట్టిన ప్రతిసారీ, ముఖం పట్టుకుని కూర్చున్న నువ్వే కనిపిస్తున్నావు. నిన్ను గుడ్డివాణ్ణి చెయ్యబోయాను. ఈ చేతులే చెయ్యబోయాయి. వీటి మీద నాకు నమ్మకం పోయింది.

అందుకే ఇక తూటాలు నింపను. గొట్టాలు నొక్కే నా ప్రెస్సు ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చెయ్యి. కానీ ఆ ఇరుక్కున్న గొట్టాన్ని ఈపాటికి బయటికి లాగే ఉంటావు. అది నాకు పంపు. నేనేం తప్పు చేశానో నాకు తెలియాలి. ఒకవేళ తప్పు నాది కాదని తేలితే, ఆ బల్ల దగ్గరే, ఆ మనుషుల ముందే నువ్వు చెప్పాలి.

ఇంకా నీదాన్నే అనుకుంటున్న,
టారిన్


ఐడహో
అక్టోబరు

పెదనాన్నకి,

పొగాకు డబ్బా అందింది. నూనెగుడ్డలో చుట్టిన గొట్టం తప్ప లోపల ఇంకేమీ లేదు. చీటీ కోసం గుడ్డ కూడా విప్పి దులిపాను. నీ సంగతి తెలిసి కూడా దులిపాను చూడు, నన్ననాలి.

మధ్యాహ్నం అన్నాల వేళ పదునుగదిలో మైక్రోమీటరు తీసుకుని కూర్చున్నా. ఫోర్‌మన్ బోయిడ్ వచ్చి నా భుజం మీద నుంచి తొంగిచూశాడు.

"ఏంటమ్మాయ్, మిల్లు సామానుతో సొంత వ్యవహారాలా?"

"నా పరువు కొలుచుకుంటున్నా."

"ఎంతుంది?"

"ఇంకా తేలలేదు. వెలుతురుకి అడ్డం తప్పుకో."

తప్పుకున్నాడు పాపం. సాయంత్రం మళ్లీ వచ్చి తేలిందా అని అడిగాడు కూడా.

తేలింది. ఇది నా గొట్టం కాదు. అడుగున ఉన్న ముద్ర వేరే కంపెనీది. మనం ఎప్పుడూ ఒకే కంపెనీ ఇత్తడి వాడతాం, ఎందుకో నువ్వే చెప్పావు, ఒక్కో కంపెనీ గోడ ఒక్కో మందంలో ఉంటుందని. దీని మెడ నేను తరిగే మెడ కంటే దళసరి. తరిగిన గీతలే లేవు. అచ్చులో నొక్కి అలాగే వదిలేశారు. మన రైఫిల్లో మెడకి చోటు ఎంత బిగువో నీకు తెలుసు. పేలినప్పుడు మెడ కాస్త ఉబ్బి గుండుని వదలాలి. దీనికి ఉబ్బే చోటు లేదు. గుండు వదల్లేదు, లోపలి ఒత్తిడికి దారి లేక వెనక్కి తన్నింది. మందు ఎంత పోశారన్నది కాదు, నేను పోసినంతే పోసి ఉన్నా ఇదే జరిగేది.

ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రోజు బోల్టు మూసేటప్పుడు నువ్వు అరచేత్తో తోశావు. మన తూటా మీద బోల్టు రెండు వేళ్లతో మూసుకుంటుంది. నేను చూశాను, చూసి నోరు మూసుకున్నా. అదొక్కటీ నా తప్పు, ఒప్పుకుంటా.

నీ షాపులో తూటాలు నింపే ఆ బెంచి దగ్గర పనిచేసేది ముగ్గురమే. నేను చెయ్యలేదు. ఇక డ్వైట్ అన్నయ్యే. వాడికి మెడ తరగడం రాదు, నేర్చుకోవడానికీ ఒళ్లు బద్ధకం. ఎక్కడో అగ్గువకి దొరికిన ఇత్తడి తెచ్చి, నింపి, నా పెట్టెలో తోసేసి ఉంటాడు. అందుకే ఆ రోజు కాఫీలో ముఖం దాచుకున్నాడు. కొడుకని నోరు నొక్కుకున్నావు కదూ? నేను కూతుర్ని కాదు కాబట్టి నిలబడనిచ్చావు.

ఆదివారం బల్ల దగ్గర చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెబుతా.

టారిన్


నీ షాపు, నీ బెంచి
ఆదివారం సాయంత్రం

పెదనాన్నా,

నువ్వు రాసిన కార్డు చేరింది. "డ్వైట్ కాదు." అంతే. సంతకం కూడా లేదు. కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాను. తర్వాత మంచం మీద కూర్చున్నా. నేను కాదు, డ్వైట్ కాదు. బెంచి దగ్గర ఇంకెవరున్నారు?

ఆ తర్వాత వచ్చిన కోపాన్ని కాగితం మీద పెట్టలేను. అప్పటి నా పనిలో పెద్ద షిఫ్టులు పడి నేను షాపుకి రాలేకపోయిన రోజుల్లో, వేట దగ్గరపడుతోందని నువ్వే ఆ గొట్టాలు నొక్కావు. నువ్వే నింపావు. నా పెట్టెలో ఖాళీ గూళ్లుంటే నువ్వే సర్దావు. మెడ తరగలేదు. నాకు నేర్పిన మనిషివే.

ఈ ఉదయం ఆ గొట్టం జేబులో వేసుకుని కొండ దిగి రేంజికొచ్చాను. బల్ల మీద పెట్టి, నీ పేరు చెప్పి వెళ్లిపోదామనుకున్నా. నిజంగానే అనుకున్నా. నువ్వు లేవు, కంచె బాగుచేయడానికి పైకెళ్లావన్నారు. మిగతా అందరూ ఉన్నారు. చలికి తగ్గట్టు ఓపల్ ఎల్క్ దుప్పి మాంసంతో కారంగా చిల్లీ కూర కాచింది, దాల్చినచెక్క రొట్టెలు చేసింది. నేను నోరు తెరిచేలోపే గిన్నె నా చేతిలో పెట్టేసింది.

"చిక్కిపోయావే పిల్లా. అక్కడ తిండి పెట్టరా నీకు?"

"ఓపల్ ఆంటీ, నేనొక మాట చెప్పడానికొచ్చా."

"తింటూ చెప్పు. చల్లారితే నన్ను తిడతావు."

ఎల్‌వుడ్ టోపీ తీశాడు. వాడు టోపీ తియ్యడం నేనెప్పుడూ చూడలేదు. తల మధ్యలో బట్టతల ఉందని ఈ రోజే తెలిసింది.

"టారిన్, ఆ రోజు నేను వాగింది తప్పే. మీ పెదనాన్న చెప్పాక నాకే సిగ్గేసింది."

"ఏం చెప్పాడు?"

"అదేంటి, నువ్వెళ్లిన మరుసటి ఆదివారమే కదా! ఓపల్ అడక్కుండానే లేచి నిలబడ్డాడు. ఆ తూటా నేను నింపాను, మెడ తరగలేదు, పిల్ల తప్పేం లేదు అన్నాడు."

"కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు" అంది ఓపల్.

డ్వైట్ అన్నయ్య రొట్టె నములుతూ "నన్ను అనుమానించావట కదా" అన్నాడు.

"ఆ."

"మెడ తరగడం నాకు రాదన్నావట."

"వచ్చా?"

"రాదు. అయితే మాత్రం అంటావా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఓపల్ నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. "ఇవన్నీ నీకు రాశానన్నాడే మీ పెదనాన్న. వివరంగా రాశాను, ఇక తన ఇష్టం అన్నాడు. అందుకే మేమెవరం ఫోను చెయ్యలేదు. ఉత్తరం అందలేదా?"

బల్ల చుట్టూ అందరూ నా వైపు చూశారు. జేబులో గొట్టం చేతికి తగులుతోంది.

"అందింది" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నీ మీద అంత కోపంతో కొండ దిగినదాన్ని, నీ అబద్ధాన్ని నా నోటితో నిజం చేసి కూర్చున్నా. గిన్నె ఖాళీ చేసి, ఓపల్‌కి థాంక్స్ చెప్పి, తిన్నగా ఇక్కడికొచ్చాను. తలుపు తాళం వెయ్యలేదు నువ్వు, ఎప్పటిలాగే.

ఇప్పుడు విను. ఊళ్లో నా పేరు బాగుచెయ్యమని అడిగాను. నేనడక్కముందే చేశావు. అది అబద్ధమాడటం కంటే కష్టమైన పనని నాకు తెలుసు. ఎల్‌వుడ్ లాంటి వాళ్ల ముందు లేచి నిలబడ్డావు. బాగుంది. కానీ నేను నిద్రలో లేచి కూర్చున్నది ఎల్‌వుడ్ నవ్వాడని కాదు. నీ కళ్లు పోగొట్టబోయానని. ఇన్ని వారాలు ఆ భయాన్ని మోశాను. ఒక్క మాటతో దించేసే వీలుండి కూడా నువ్వు మోయనిచ్చావు. ఊరంతటికీ చెప్పావు, ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పలేదు. ఇత్తడి ముక్క పంపి, కొలుచుకుని తనే తెలుసుకుంటుందిలే అనుకున్నావు. కొలిచాను, తెలుసుకున్నాను. అది నువ్వు చెప్పినట్టు కాదు.

ఎందుకు చెప్పలేకపోయావో కొంచెం అర్థమవుతోంది. వాళ్లంతా నీ ఈడువాళ్లు, వాళ్లూ తప్పులు చేసినవాళ్లే. నాకు మాత్రం నువ్వు తప్పు చెయ్యని మనిషివి. ఆ మనిషిని పోగొట్టుకోవడం నీకు ఇష్టం లేదు. సరే. ఆ మనిషి ఇక లేడు పెదనాన్నా. నాకు ఆయన అక్కర్లేదు. బోల్టు బిగుసుకుపోయిందని ఒప్పుకునే మనిషి చాలు, ఆ మనిషితో ఇంకో చలికాలం కూర్చోగలను.

తిరిగొస్తానని మాటివ్వడం లేదు. మిల్లు వాళ్లు నన్ను బాగానే చూసుకుంటున్నారు. నేను వచ్చేదీ రానిదీ నీ నోటి నుంచి ఏం వస్తుందన్న దాని మీద ఉంది.

బయట నీ ట్రక్కు ఆగింది. ఈ కాగితం బెంచి మీద, నీ కళ్లజోడు కింద పెడుతున్నా. నేను వంటింట్లో ఉంటా. చదివి లోపలికి రా. నా ప్రయాణం గురించి అడగొద్దు, వాతావరణం గురించి అడగొద్దు, కాఫీ పెట్టనా అని అడగొద్దు. ఆ తూటా నింపింది నువ్వేనని, ముందు అది నాకు చెప్పు.

టారిన్