చివరి గడిలో అంకెలు

అక్కకి,

నాలుగేళ్లుగా నువ్వు నాతో మాట్లాడటం లేదు. కవరు మీద నా చేతిరాత చూడగానే చింపేస్తావని, పక్క సీటు గుమాస్తా చేత చిరునామా రాయించాను. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

వచ్చే నెల నా రిటైర్మెంట్. మన కప్పల లెక్క గుర్తుందిగా? ఆరేళ్లపాటు రోజూ సాయంత్రం ఆఫీసు వెనక కుంట గట్టు మీద నేను అరుపులు లెక్కపెట్టి చెబుతుంటే, స్టూలు మీద కూర్చుని నువ్వు రాసిన పదకొండు నోటుపుస్తకాలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఎప్పటికైనా ఎవరైనా వాడుకునేలా భద్రపరచాలని మా సంస్థ ఆదేశం. ఆ పని చూసే మేడమ్‌కి నా వయసులో సగం ఉండదు. మూడుసార్లు వెనక్కి పంపింది. తేదీ అర్థమైందట, వేడి అర్థమైందట, అరుపుల సంఖ్యా అర్థమైందట. పేరు లేని ఆ చివరి గడి ఏమిటని పట్టుకు కూర్చుంది. సున్నా నుంచి అయిదు దాకా అంకెలు, అన్నీ నీ చేతిరాతే.

"గాలి అయ్యుంటుందమ్మా" అన్నాను. "అయ్యుంటుందంటే కుదరదు సార్. యాభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లకి మీరు దొరకరు కదా" అంది మొహం మీదే. వాతావరణ లెక్కలు తెప్పించి చూస్తే గాలి కాదు. వెన్నెలా కాదు. అది తేలకపోతే మొత్తం తీసుకోనంటోంది. ఆరేళ్ల చాకిరీ అటకెక్కుతుంది. సోమవారాల్లో కప్పలు తక్కువ అరుస్తాయని నేను కనిపెట్టి అచ్చేయించిన పరిశోధన పేపరుకి ఆధారం కూడా అదే. ఆ గడిలో ఏం రాశావో చెప్పు, నీకు పుణ్యముంటుంది.

నీ తమ్ముడు

---

తమ్ముడికి,

చేతిరాత ఎవరిదైతేనేం, మా ఇంటి నంబరు ఇరవై ఏళ్లుగా తప్పు రాసేది లోకంలో నువ్వొక్కడివే. పోస్టుమాన్ నవ్వుతూ తెచ్చిచ్చాడు.

ముందు నా అలక సంగతి విను. ఆ పేపర్లో నన్ను "ఒక కుటుంబ సభ్యురాలి సహాయంతో" అని వేశావు. స్టూలు బాగుచేసిన వడ్రంగికి మాత్రం పేరు పెట్టి మరీ ధన్యవాదాలు చెప్పావు. ఆరేళ్లు దోమల చేత కుట్టించుకున్నది నేను. అది చదివి ఏడ్చాను రా.

ఇక ఆ గడి. అది నీ కోపం. సున్నా అంటే నవ్వుతూ వచ్చిన రోజు. అయిదంటే కుంట దగ్గరికి రాకముందే నా మీద విరుచుకుపడ్డ రోజు. ప్రతి సోమవారం మీటింగులో మీ పెద్దాఫీసరు నీకు చీవాట్లు పెట్టేవాడు. నువ్వు చిందులు తొక్కుకుంటూ గట్టెక్కేవాడివి. ఆ చప్పుడుకి కప్పలు నోళ్లు మూసుకునేవి. వాటికి సోమవారమేమిటి, శనివారమేమిటి? అప్పుడే చెప్పబోతే "నీకేం తెలుసు, రాయి" అన్నావు. రాశాను.

అక్క

---

అక్కా,

చూసుకున్నాను. నాలుగు, అయిదు ఉన్న రోజుల్లో అరుపులు సగానికి పడిపోయాయి. కోపం లేని సోమవారాలు పద్నాలుగు దొరికాయి. ఆ రోజుల్లో కప్పలు చెవులు చిల్లులు పడేలా అరిచాయి. నా సిద్ధాంతం మట్టిలో కలిసింది.

"గాలి" అని రాసేస్తే పోలా అని దొంగబుద్ధి పుట్టిన మాట నిజం. చెయ్యి రాలేదు. "లెక్కపెట్టినవాడి కోపం. కొలిచినది అతని అక్క" అని రాసిచ్చాను. మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ తర్వాత, "ఈ ఒక్క గడి లేకపోతే మిగతావన్నీ జనాన్ని తప్పుదారి పట్టించేవి సార్" అంది. నా పేపరు తప్పని పత్రికవాళ్లకీ రాశాను. మేడమ్‌కి ఇచ్చిన దరఖాస్తులో, సమాచారం సేకరించినవాళ్లలో మొదటి పేరు నీదే. అది నేనెప్పుడో చెయ్యాల్సిన పని. సిగ్గుగా ఉంది, క్షమించు.

ఆ దరఖాస్తులోనే ఆఖరి ప్రశ్న ఒకటుంది: ఈ లెక్కల గురించి సందేహాలొస్తే ఎవరిని అడగాలి? నా పేరు రాయబోయి ఆగిపోయాను. నీ పేరే రాశాను. ఇకమీదట ఏ దేశం నుంచి ఎవరికి సందేహమొచ్చినా నిన్నే అడుగుతారు.

అందరికంటే ముందు నేనే అడుగుతున్నాను. ఈ ఆదివారం వస్తే తలుపు తీస్తావా?

ఇవాళ సున్నా మీదున్న
నీ తమ్ముడు