భర్తకు ఒక్క మాట

శ్రీమతికి మీ ఆయన రాసేది.

ఇక్కడ నేనూ బుజ్జిదీ క్షేమం. అక్కడ నువ్వు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. మీ సారు క్షేమం అడగక్కర్లేదు, నీ ఉత్తరంలో ఆయన పదకొండుసార్లు కనిపించారు. లెక్కపెట్టాను.

బుజ్జిదాని దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గింది. మందు చేదని ముందు నాతో తాగించి, తర్వాత తను తాగుతోంది. వంటింటి కొళాయి ఇంకా కారుతూనే ఉంది, రేపు చూస్తాను.

ఇక నీ ఇంగ్లీషు కథ. టైపు చేసి పంపమన్నావు, చేశాను. ఇంగ్లీషులో సంభాషణ ఎలా రాయాలో మీ కోర్సులో సారు ఎంత బాగా చెప్పారో అని మురిసిపోయావు. మాట్లాడే మనిషి మారితే పేరా మారాలట. కామా కొటేషన్ గుర్తుకు లోపలే ఉండాలట. ఏమోయ్, పద్దెనిమిదేళ్లుగా అచ్చాఫీసులో నేను చేస్తున్నది అదే కదా. ఒక్కనాడైనా నన్నడిగావా? పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

అసూయ అంటావు. అసూయే. నీ కాగితాల అంచుల్లో ఆయన ఎర్ర ఇంకు చూస్తే ఒళ్లు మండింది. ఆయన కంటపడని తప్పులు నాలుగు దొరికితే, మా ప్రూఫు రీడరును పిలిచి మరీ చూపించాను. అతను మొత్తం చదివి, మీ ఆవిడ బాగా రాశారండీ అని వెళ్లిపోయాడు. తప్పుల ఊసే ఎత్తలేదు.

కథలో మాస్టారికి రెండు పేజీల డైలాగులు. పెట్టె మోసిన కూలీకి కూడా మూడున్నాయి. భార్యను రైలెక్కించే భర్త మాత్రం సంచుల జిప్పులు లాగి చూసి నిలబడతాడు. నోరు విప్పడు.

ఒక సంగతి ఇంతసేపూ దాచాను. టైపు చేస్తూ, రైలు కదిలే చోట ఆ భర్తకొక మాట చేర్చాను. కొత్త పేరాలో, గుర్తులన్నీ సరిగ్గా పెట్టి. తెలుగులో అయితే ఇదీ:

"నువ్వు లేకపోతే నాకు తోచదు," అన్నాడు అతను.

నిన్ను రైలెక్కించిన రోజు నేను నిజంగా అన్నది నీకు గుర్తుండే ఉంటుంది. మేడమీది గది తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగాను. నువ్వు కిటికీలోంచి చెప్పావు, నేను సరేనన్నాను. తాళంచెవి అప్పుడు నా జేబులోనే ఉంది.

కథ నీది, అడక్కుండా చెయ్యి పెట్టడం తప్పే. అందుకే నువ్వు రాసింది రాసినట్టుగా ఇంకో ప్రతి కూడా జతచేశాను. సారుకి అదే ఇవ్వు. ఈ మాట ఉన్న పేజీ నీ దగ్గరే ఉంచుకో. దాన్ని ఆయన దిద్దక్కర్లేదు.

ఇట్లు,
మాట చేతగాని
మీ ఆయన